ఇంటికొచ్చిన గోరుచేపలు

ఎండాకాలం తెల్లారగట్ల వాగు మీద పొగమంచు కమ్ముతుంది. ఆ మంచులో గోరుచేపలు ఊళ్లోకి వస్తాయి. వేలిగోరంత చేపలు. మోకాటి ఎత్తున ఇళ్ల మధ్య ఈదులాడి, ఎండెక్కేసరికి వాగులోకి వెళ్లిపోతాయి. ఆడవాళ్లు కుండల మీద మూతలు పెట్టుకుంటారు, నోరు తెరుచుకుని పరిగెత్తే పిల్లలకి రెండు తగిలిస్తారు. ఎప్పుడైనా ఒకటి ఇంట్లోనే ఉండిపోతే అది చుట్టం కింద లెక్క. దాన్ని ఇంటావిడే బేసిన్లో తీసుకెళ్లి వాగులో విడవాలి. అందాకా పొయ్యి వెలిగించకూడదు.

ఈ ఊళ్లో వాగు ఆడవాళ్లది. ఎవరి ముక్క వాళ్లకి అత్త నుంచి వస్తుంది. ఎండాకాలంలో పైనా కిందా మట్టికట్ట వేసి, మధ్యలో నీళ్లు ఎత్తిపోసి, బురదలో చేపలు పట్టుకుంటారు.

బొలుంబు మొగుడు పోయి రెండేళ్లయింది. "పిల్లాజెల్లా లేనిదానికి వాగెందుకు? మా కొత్తావిడకి ఇవ్వండి" అని వరసకి బావయ్యే లోకులి పంచాయితీ పెట్టించాడు. మూడో రోజు పొద్దు గూకేలోగా ఎత్తిపోస్తే బొలుంబుది, లేకపోతే లోకులిది అని పెద్దమనిషి తేల్చాడు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ పనికి పదిమంది కావాలి. సాయం వెళ్లినవాళ్ల మొగుళ్లని తన పడవ ఎక్కనివ్వనని లోకులి ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చాడు. సంతకెళ్లే పడవ ఊరికంతా అదొక్కటే.

అత్తాకోడళ్లిద్దరికీ కట్టలు వేయడానికే రెండు రోజులు పట్టింది. మూడో రోజు మంచులోనే వెళ్లారు.

"అత్తా, నువ్వు గట్టు మీద కూర్చో."

"కూర్చుంటే వాగు మనకి మిగలదే. తోడు."

కడుపులో కోపం పెట్టుకుని నీళ్లలో దిగితే కట్ట తెగుతుంది, ముందే పైకి చెప్పేయాలి. బొలుంబు నీళ్లకేసి చూసి చెప్పింది. "ఊళ్లో ఆడవాళ్లందరి మీదా కోపమే నాకు. వాళ్ల పురుళ్లకి నేను వెళ్లాను. నా కష్టానికి ఒక్కతీ రాలేదు." చెబుతూ ఏడ్చేసింది.

గోరుచేపలు వాగులోంచి లేచి ఊరి వైపు వెళ్లాయి.

ఆ పొద్దున ఎండెక్కినా అవి తిరిగి రాలేదు. ఇంటికొకటి, చూరు కిందో దోమతెర పక్కనో, కదలకుండా నిలబడిపోయాయి. ఆడవాళ్లు విసుక్కుంటూ బేసిన్లు తీసుకుని వాగుకి వచ్చి, చేపల్ని పైకట్ట అవతల విడిచారు.

"నీకోసం రాలేదమ్మా, చేప కోసం వచ్చాం," అంది మొదటామె మొహం తిప్పుకుని.

"నేనేమన్నా అన్నానా?" అంది బొలుంబు.

అత్త ఊరుకుంటుందా? "బేసిన్ ఎలాగూ చేతిలోనే ఉందిగా. మీ ఆయన అడిగితే చేపకి నీళ్లు మార్చానని చెప్పు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకామె తన కోపం చెప్పేసి దిగింది. ఆమె వెనక ఇంకొకామె.

చివరికి లోకులి కొత్త పెళ్లాం ఎకిలా వచ్చింది, జుట్టులో మూడు చేపలతో. అందరూ చేతులాపారు. ఆమె చేపల్ని విడిచిపెట్టి, నీళ్ల అంచున నిలబడింది.

"నేనడిగానా వాగు? నన్నడగకుండానే నా పేరు చెప్పాడు. మా అమ్మ వాగు కూడా ఇలాగే పోయింది," అని లుంగీ మోకాళ్ల పైకి దోపుకుని దిగింది.

పొద్దు వాలకముందే బురద తేలింది. జెల్లలు, కొర్రమీనులు తోకలు కొట్టుకున్నాయి. పెద్దమనిషి బురదలో కాలు పెట్టి చూసి, "బొలుంబుది" అన్నాడు. ఆడవాళ్ల కేకలు అవతలి ఒడ్డుకి వినపడ్డాయి. బొలుంబు అత్తని అమాంతం ఎత్తి గిరగిరా తిప్పింది. ఇంతమంది మొగుళ్లని కాదంటే లోకులి పడవ ఎక్కేవాడే ఉండడు, ఆ బెదిరింపూ అంతటితో సరి.

సాయంత్రం లోకులి ఆకలితో ఇంటికొచ్చాడు. ఎర్ర పామాయిల్లో ఉడికిన జెల్లల వాసన ఇల్లంతా ఉంది. ఎకిలా గిన్నె ముందు పెట్టింది గానీ మూత మీద చెయ్యి తియ్యలేదు.

"ఈ చేపలు ఎవరి వాగువి?"

అతను గోడకేసి చూశాడు. తలుపుకేసి చూశాడు.

"చల్లారిపోతోంది."

"బొలుంబు వాగువి," అని గొణిగాడు.

"వినపడలేదు."

లోకులి వీధిలో వాళ్లందరికీ వినపడేలా చెప్పాడు. అప్పుడు తీసింది మూత.