ఎల్ చీటీల చుట్ట

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర గాజులంగడి పెట్టుకున్న వసంతమ్మ నలభై ఏళ్లుగా రోజూ అబద్ధమాడుతోంది. అదీ స్వామివారి గోపురానికి ఎదురుగా కూర్చుని. ఆ అబద్ధమే లేకపోతే అంగడి ఎప్పుడో మూతపడేది.

విషయం చిన్నదే. గాజులకు కొలతలుంటాయి. రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అంటూ అంకె పెరిగేకొద్దీ చెయ్యి పెద్దదన్నమాట. ఊళ్లో రెండు ఎనిమిది చేతులకేం కొదవ లేదు కానీ, నాది ఆ చెయ్యేనని ఒప్పుకున్న ఇల్లాలు మాత్రం ఇంతవరకూ పుట్టలేదు. అందరూ "నాది రెండు నాలుగే" అంటూ చెయ్యి చాపేవాళ్లే. వసంతమ్మ ఆ చేతిని అందుకుని, బొటనవేలి మొదలు లోపలికి నొక్కి, మెటికల మీద ఒక్కసారి తడుముతుంది. అసలు కొలత తెలిసిపోతుంది. అప్పుడు రెండు ఎనిమిది డబ్బాలోంచి గాజులు తీసి, "రెండు నాలుగే తల్లీ, పూలచెండు మాదిరి ఉండాది చెయ్యి" అంటూ తొడుగుతుంది. డబ్బాల మీద చీటీలు ఎప్పుడో పీకి పారేసింది. చేతికీ నొప్పి లేదు, మనసుకూ నొప్పి లేదు, ఇంక పాపమెక్కడిదని ఆమె వాదన.

వీధి చివర మూడంతస్తుల మేడలో ఉండే ప్రసన్నకుమారి అయితే ఇరవై ఏళ్లుగా రెండు నాలుగులోనే ఉంది. మనిషి పెరిగింది, మేడ పెరిగింది, ఆవిడ గాజుల కొలత మాత్రం పెళ్లినాటిదే.

మనుషులకు అన్నీ చిన్నవిగా ఉంటేనే ఇష్టమని వసంతమ్మ ఇన్నాళ్లూ నమ్ముతూ వచ్చింది. మనవరాలిని కరాటేలో చేర్పించాక ఆ నమ్మకం కాస్తా పోయింది.

మనవరాలు హేమశ్రీ ఏడో తరగతి. వాళ్ల నాయన కొండకు బస్సు నడుపుతాడు. పిల్లకు కరాటే అంటే ప్రాణం. పాలు తెమ్మని పంపినా గాలిని గుద్దుకుంటూ వెళ్తుంది. కిందటి నెల క్లాసులో ఎదురెదురు పోటీ పెట్టినప్పుడు, అక్కడ అందరికీ కలిపి ఉన్న పాత గ్లౌజులు తొడుక్కుంది. అవి ఆ పిల్ల చేతికి దిండు గలీబుల్లా ఉన్నాయి. గుద్దినప్పుడు చెయ్యి లోపల జారింది, బొటనవేలు మెలికపడింది. రెండు వారాలు కట్టుతో తిరిగింది.

కట్టు విప్పిన రోజు తల్లి జయంతి ఖరాఖండిగా చెప్పింది. "ఇంగొక్కసారి చేతికి కట్టుతో ఇంటికొస్తివా, కరాటే బంద్. మళ్లీ నన్నడగొద్దు."

జయంతి అన్నదంటే అన్నదే. హేమశ్రీ ఏడవలేదు. అవ్వ పక్కన చేరి, "అవ్వా, చిత్తూర్లో సెలక్షన్ మూడు వారాలే ఉండాది" అంది. అంతే. ఆ మాట వసంతమ్మ గుండెలో ముల్లులా దిగింది.

ఆ ఆదివారమే జయరావు మాస్టరు పిల్లల పెద్దలను క్లాసుకు పిలిపించాడు. క్లాసంటే ఒక మేడ మీది డాబా, పైన రేకులు. మాస్టరు బెల్టు నలుపు, జుట్టుకు వేసే రంగు కూడా నలుపు. ఆయన చివరిసారి ఎవరినైనా గుద్ది ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. సెలక్షన్‌కు పది మంది పిల్లలు వెళ్తారని, ఎవరి గ్లౌజులు వాళ్లకుండాలని చెప్పి, కాగితం చూసి చదివాడు.

"చిన్న సైజు ఎస్, మధ్యది ఎమ్, పెద్దది ఎల్. మన పిల్లోళ్లకు చానామందికి ఎస్ సరిపోతాది."

డాబా మీద గాలి ఆగిపోయింది.

"ఏం సార్, మా రూపేష్‌కు ఎస్సా?" ప్రసన్నకుమారి గాజులు గలగలలాడాయి. "వాడు బ్రౌన్ బెల్టు. నిన్న గాక మొన్న చేరినోళ్లతో సమానంగా చూస్తా ఉండారా?"

"అట్ట గాదమ్మా, అది చేతి కొలత..."

"అట్టయితే మా మహితకు ఎమ్ రాసుకోండి" అన్నాడు విత్తనాల షాపు సునీల్‌కుమార్, వెనక నుంచి.

"మహితకు ఎమ్మయితే మా వాడికి ఎల్" అంది ప్రసన్నకుమారి.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడన్నట్టు వేలంపాట పెరుగుతూ పోయింది. చివరికి ఎవరి బిడ్డ చెయ్యి ఎంతన్న మాటే మరిచిపోయి, ఎవరి బిడ్డ ఎంతటివాడన్న తగువులో పడ్డారు. మాస్టరు లేచి రెండు చేతులూ ఎత్తాడు.

"ఆగండప్పా! నా శిష్యులంతా పులులు. పులికి పిల్లి గోళ్లు పెడతామా? అందరికీ ఎల్. అయిపాయ!"

చప్పట్లు కొట్టారు. వసంతమ్మ మాత్రం కొట్టలేదు. పక్కనే ఉన్న రూపేష్ చెయ్యి పట్టుకుని మెటికల మీద నొక్కి, ఉండబట్టలేక అనేసింది. "మాస్టరూ, ఈ పిల్లోడికి చిన్నదే సరి. పెద్దది తొడిగితే లోపల చెయ్యి జారతాది. మా పాప వేలు అట్టనే గదా పాయింది."

యథార్థవాది లోకవిరోధి. ప్రసన్నకుమారి కొడుకు చెయ్యి విడిపించుకుని, ఆ చేతిని చీర కొంగుతో తుడిచింది.

"పెద్దమ్మా," అన్నాడు మాస్టరు, చిన్నపిల్లకు చెప్పినట్టు. "గాజులు వేరే, గ్లౌజులు వేరే. నీకు దీంట్లో ఏం తెలస్తాది? నువ్వు బేస్తవారం మెడ్రాసుకు సరుక్కు పోతావు గదా. వచ్చేటప్పుడు పది జతలు తీసుకోనొచ్చేయ్. అన్నీ ఎల్. మరిచిపోవద్దు."

తెలియదన్న మనిషి చేతికే పని అప్పగించడం పెద్దవాళ్లకు అలవాటే. వసంతమ్మ సరేనంది. ఆ సరేలో ఏముందో హేమశ్రీకి తెలుసు. అంగడిలో ప్రసన్నకుమారి చెయ్యి చాపినప్పుడు కూడా అవ్వ అచ్చం అలాగే సరేనంటుంది.

మర్నాడు సాయంత్రం వసంతమ్మ కొండ లడ్డు పట్టుకుని క్లాసుకు వెళ్లింది. పిల్లలను వరసలో నిలబెట్టి ఒక్కొక్కరికీ తలా కాస్త పెట్టింది. ప్రసాదం పెట్టి, ఆ గుప్పిటను తన గుప్పిట్లోకి తీసుకుని మెల్లగా నొక్కి, "బాగా ఆడు నాయనా" అంది. పిల్లలు దీవెన అనుకున్నారు. గాజుకైతే బొటనవేలు లోపలికి మడిచి చూడాలి, గ్లౌజుకు బయట ఉంచి చూడాలి. అంతకు మించి తేడా ఏమీ లేదని ఆమెకు మూడో పిల్లవాడి దగ్గరే తెలిసిపోయింది. ఏడు ఎస్‌లు, మూడు ఎమ్‌లు. మాస్టరుకు కూడా ప్రసాదం పెట్టి నొక్కి చూసింది. ఆయనదీ ఎమ్మే.

గురువారం మద్రాసులో గాజుల సరుకు తీసుకున్నాక ఆటసామాన్ల హోల్‌సేలు అంగడికి వెళ్లింది. ప్రతి జతా తన చేతికి ఎక్కించి, పిడికిలి బిగించి, మణికట్టు పట్టీ లాగి, అటూ ఇటూ తిప్పి చూసింది. కుట్లు వదులుగా ఉన్నవి, లోపల వేళ్లు పట్టి ఉంచే పట్టీ సాగిపోయినవి పక్కన పడేసింది. చీరలు ఏరుకున్నట్టు ఏరుతుంటే అంగడివాడు విసుక్కున్నాడు. ఆమె ఏడు ఎస్‌లు, మూడు ఎమ్‌లు కట్టించుకుంది. తర్వాత పక్క సందులో, రెడీమేడ్ బట్టలకు కుట్టే చీటీలు అమ్మే చోటికి వెళ్లి, ఎల్ అని నేసిన గుడ్డచీటీల చుట్ట ఒకటి కొనుక్కుంది.

శనివారం మధ్యాహ్నం అంగడి వెనక గదిలో గ్లౌజులు పరుచుకుని పాత చీటీలు పీకుతూ కూర్చుంది. సూదిలో దారం ఎక్కక హేమశ్రీని పిలిచింది. పిల్ల దారమెక్కించి, గ్లౌజులు చూసి, చుట్ట చూసి, అవ్వ ముఖం చూసింది.

"అవ్వా, అన్నిటికీ ఎల్ కుడతా ఉండావా?"

"వాళ్లకు కావాల్సింది చీటీ, మే. పిల్లోళ్లకు కావాల్సింది గ్లౌజు. ఇద్దరికీ ఇస్తా ఉండా. తప్పేముండాది?"

హేమశ్రీ తన జత తీసి తొడుక్కుంది. పిడికిలి బిగించింది. లోపల ఎక్కడా ఖాళీ లేదు, ఎక్కడా నొక్కుకోలేదు. నొప్పి పడిన బొటనవేలు తన చోట తాను హాయిగా కూర్చుంది. పిల్ల కళ్లు మెరిశాయి.

"నాదానికి మాత్రం కుట్టొద్దు. ఎస్ అనే ఉండనీ."

"అందరూ ఎక్కిరిస్తారే."

"ఎక్కిరించనీలే. దెబ్బ తగిలేది చేతికి. చీటీకి కాదు గదా?"

వసంతమ్మ చేతిలోని సూది పక్కన పెట్టింది. నలభై ఏళ్లలో ఎన్ని వేల చేతులు పట్టుకుందో, కొలత ఇదీ అని నిజం చెప్పమన్న చెయ్యి ఇదొక్కటే. అది తన ఇంట్లోనే పుట్టినందుకు ఆమెకు గర్వంగా అనిపించింది. పిల్ల తల నిమిరి, ఆ ఒక్క జతను వదిలేసి, మిగతా తొమ్మిదీ కుట్టింది.

క్లాసులో గ్లౌజులు పంచినప్పుడు పెద్దలు ముందు చీటీలు చూశారు, తర్వాత పిల్లల ముఖాలు చూశారు. ప్రసన్నకుమారి రూపేష్ చేతికి గ్లౌజు బిగించి, "చూసినావా పెద్దమ్మా, ఎల్ ఎంత కరెక్టుగా సరిపాయనో! చిన్నదంటివి" అని దెప్పింది. "అవునమ్మా, నా కండ్లు మసకబారినాయి" అంది వసంతమ్మ. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఎస్ చీటీతో నిలబడిన హేమశ్రీని చూసి రూపేష్ కిసుక్కున నవ్వాడు. ఫొటోలో చీటీ కనబడకుండా మాస్టరు ఆ పిల్లను వెనక వరసలోకి పంపించాడు.

చిత్తూర్లో సెలక్షన్ రోజు జయంతి కూడా వచ్చింది. కూతురు గెలుస్తుందా లేదా అని కాదు, వేలు నిలుస్తుందా లేదా అని. పోటీకి ముందు గ్లౌజులు పరీక్ష చేసే పెద్దమనిషి తిరుపతి పిల్లల చేతులు ఒక్కొక్కటే లాగి చూశాడు. ఒక్కటీ ఊడలేదు, తిరగలేదు.

"ఎవరండీ తీసుకొచ్చింది? ప్రతి పిల్లకూ కొలిచి తెచ్చినట్టుండాయే" అన్నాడు మెచ్చుకుంటూ.

"అందరికీ ఎల్లే సార్" అన్నాడు జయరావు మాస్టరు ఛాతీ విరిచి.

ఆ పెద్దమనిషి చీటీ చూశాడు. చెయ్యి చూశాడు. మళ్లీ చీటీ చూశాడు. వెనక ఇంకా చాలామంది పిల్లలు కాచుకుని ఉండటంతో ముందుకు పంపేశాడు.

మిగతా ఊళ్ల పులులు మాత్రం నిజంగానే పెద్ద గ్లౌజులతో దిగాయి. గుద్దిన ప్రతిసారీ గ్లౌజు పక్కకు తిరగడం, రెఫరీ ఆపడం, పట్టీ బిగించడం. ఫైనల్లో హేమశ్రీకి ఎదురుపడిన శ్రీకాళహస్తి పిల్ల ఆమె కంటే జానెడు పొడుగు. పాపం, చూపు ప్రత్యర్థి మీద కంటే జారే గ్లౌజు మీదే ఎక్కువుంది. ఆ పిల్ల పట్టీ లాక్కునే లోపల హేమశ్రీ పిడికిలి సూటిగా వెళ్లి ఛాతీకి తాకింది. రెఫరీ జెండా ఎత్తాడు.

జయంతి గబగబా వచ్చి పతకం వైపు చూడనైనా చూడకుండా కూతురి గ్లౌజు లాగింది. ఒక్కో వేలూ వంచి చూసింది. బొటనవేలు రెండుసార్లు వంచింది. తర్వాత ఆ చేతిని కళ్లకద్దుకుని, "స్టేట్‌కు కూడా పో" అంది. వసంతమ్మకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. ఏడ్చింది కూడా.

పది మందిలో ఆరుగురు ఎంపికయ్యారు. మాస్టరు సన్మాన సభ పెట్టించాడు. ప్రసన్నకుమారి తన ఖర్చుతో ఆ ఆరుగురికీ కొత్త గ్లౌజులు బహుమానంగా తెచ్చింది. దండలు, శాలువలు అయ్యాక మాస్టరు మైకు అందుకున్నాడు.

"ఎల్ వేసినాము, జిల్లా గెలిచినాము. ఎస్ వేసుకోని కూడా మన హేమశ్రీ గెలిచిందంటే, ఆ బిడ్డ పెద్దది వేసుంటే ఏమయ్యుండునో ఆలోచించండి! అందుకే స్టేట్‌కు అందరూ ఎక్స్ఎల్. ఎక్స్ఎల్ చీటీ లేని గ్లౌజుతో నా టీములో ఒక్కరు గూడా బస్సెక్కేది లేదు."

ప్రసన్నకుమారి తన చేతుల మీదుగా హేమశ్రీకి ఎక్స్ఎల్ జత తొడిగింది. ఫొటో తీశారు. ఆ గ్లౌజుల్లో పిల్ల చేతులు మణికట్టు దాటి మునిగిపోయాయి. వసంతమ్మ లేచి నిలబడింది, నోరు తెరిచింది. జనమంతా చప్పట్లు కొడుతున్నారు. చెవిటివాడి ముందు శంఖమూది ఏం లాభమని కూర్చుంది.

ఇంటికొచ్చాక హేమశ్రీ ఎక్స్ఎల్ జతను ముందేసుకుని కూర్చుంది. తర్వాత దానికున్న చీటీలను బ్లేడుతో జాగ్రత్తగా కోసింది. తన ఎస్ గ్లౌజులు తెచ్చుకుంది.

"అవ్వా, సూదెక్కడ పెట్టినావు?"

వసంతమ్మ సూది ఇవ్వలేదు. "వద్దు మే. నీదానికొద్దు. నేను పోయి మాస్టరుతో కొట్లాడి వస్తా."

"కొట్లాడితే బస్సెక్కించడు గదా" అంది పిల్ల. కోపం లేదు ఆ గొంతులో, ఏడుపూ లేదు. అంగడిలో బేరానికొచ్చిన మనిషి గొంతు అది. అవ్వ గొంతే. చెయ్యి చాచి సూది తీసుకుంది.

ఒక్క చెయ్యైనా అబద్ధం లేకుండా పెరుగుతుందని ఆశపడ్డ వసంతమ్మ, ఆ పిల్ల దారమెక్కించడం, ముడి వెయ్యడం చూస్తూ కూర్చుంది. ఎక్స్ఎల్ చీటీని ఎస్ చీటీ మీద పెట్టి, హేమశ్రీ పొడుగు పొడుగు కుట్లు వేసింది.

"గట్టిగా కుట్టలేదులే అవ్వా" అంది దారం కొరుకుతూ. "కింద నాది అట్టనే ఉండాది. గెలిచినాక పీకేస్తా."

నలభై ఏళ్ల కింద అంగడి తెరిచిన కొత్తలో, డబ్బాల మీద మొదటి చీటీ పీకినప్పుడు, నాలుగు రోజులు పోయాక మళ్లీ అంటిస్తాలే అని వసంతమ్మ కూడా అనుకుంది.