తడి ఆకు పాటలో ఆవిడ గొంతు

మంగళవారం పొద్దున తొమ్మిదింబావుకి నేను నోరు జారాను. అప్పుడే పనివాళ్ళకి పేపరు చదివి వినిపించడం ముగించి, మైకు ఆపబోతూ, ఎవరూ అడక్కుండానే ఒక మాట అన్నాను.

"శుక్రవారం మా తాత ఫెర్మీన్ లార్దుయెట్ మన కార్ఖానాకి వస్తున్నారు. మీకోసం 'తడి ఆకు' పాడతారు."

మా సాంతియాగో చుట్టల కార్ఖానాలో చప్పట్లుండవు. నచ్చితే ఆకు కోసే కత్తితో బల్ల మీద టకటకా కొడతారు. నచ్చకపోతే కత్తి నేలకేసి పడేస్తారు. ఆ రోజు రెండూ జరగలేదు. నూట పది మంది తల వంచుకుని చుట్టలు చుట్టుకుంటున్నారు. వెనకాల, ఆకుల ఈనెలు తీసే ఆడవాళ్ళ వరసలోంచి ఒక గొంతు వచ్చింది.

"రానీ, పాపం. ఈ గడప తొక్కి ఎన్నేళ్ళయిందో!"

అది మా తాత గొంతు.

అంటే తాత మామూలు గొంతు కాదు. ఆయనది బొంగురు గొంతు. రెండొందల పైచిలుకు పాటలు కట్టి అన్నీ దాంతోనే పాడాడు. ఒక్క 'తడి ఆకు' మాత్రం ఆయన నోట్లోంచి ఆడగొంతుతో వస్తుంది. వెనక వరసలోంచి వినిపించింది ఆ గొంతే. ఆయన అలా పాడటంలో ఎవరికీ వింతేమీ లేదు. కచేరీల్లో జనం "ఇంక ఆవిణ్ణి పిలువు ఫెర్మీన్!" అని అరుస్తారు. బాత్రూంలో సాధన చేస్తుంటే నాయనమ్మ తలుపు బాది, "ఇద్దరూ తొందరగా తెమలండి, చిక్కుడు గింజలు మాడిపోతున్నాయ్" అనేది. ఈమధ్య పాట నడుమ ఆ గొంతుకి దగ్గొస్తోంది. "ఆవిడకి జలుబు చేసినట్టుంది" అని మందుల షాపాయన తాత చేతికి తేనె సీసా ఇచ్చాడు.

ఆ పాటతోనే తాత రేడియోకెక్కాడు. ఆ పాటతోనే మెక్సికో వెళ్ళాడు, పారిస్ వెళ్ళాడు. మేముంటున్న ఇల్లు, నేను చదివిన డిగ్రీ, అన్నీ ఆ పాట పెట్టినవే.

కార్ఖానాలో చదివి వినిపించే మనిషిని పనివాళ్ళే ఓటేసి ఎన్నుకుంటారు. నెల రోజులు చదివి చూపించమని నాకు గడువిచ్చారు. శుక్రవారం ఓట్లు. నా చదువు చప్పగా ఉందని నాకే తెలుసు. అందుకే తాతని అడగనైనా అడక్కుండా ఆయన పేరు వాడేసుకున్నాను.

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే వెనక వరసకి వెళ్ళాను. ఆ గొంతు ఎనెయిదా అవ్వది. డెబ్బై తొమ్మిదేళ్ళు. పింఛనొచ్చి ఎన్నేళ్ళయినా పనికి రావడం మానలేదు. "ఇంట్లో నాకు నవలలు ఎవరు చదివి పెడతారే?" అంటుంది.

"అవ్వా, నీ గొంతు..."

"ముందు ఇది చూడు." తడిపిన ఆకు తీసి, నడుమ ఈనెని చిటికెన వేలికి చుట్టి సర్రున లాగింది. ఆకు రెండయింది. "ఇది కుడిచెయ్యి, ఇది ఎడమచెయ్యి. వీటిని మేం అలాగే పిలుస్తాం. తడి ఆరితే పొడైపోతుంది. తడి మీదుండగానే విడదీయాలి."

ఆ మాటలు నేను ఎరిగినవే. 'తడి మీదుండగానే విడదీయి, నా రెండు చేతులూ నీకే' అని పాటలో ఉంటుంది. అదేంటని పేపరువాళ్ళు అడిగినప్పుడల్లా తాత "ప్రేమ రహస్యం" అని కన్ను కొట్టేవాడు.

"మీ తాత ఇక్కడే ఆకు కట్టలు మోసేవాడు. నేను పని చేసుకుంటూ కట్టుకున్న పాట అది. ఒక రోజు రేడియో పెడితే నా గొంతే వినిపించింది. నోరు తెరిస్తే నా దగ్గర గాలి తప్ప ఏమీ లేదు."

"నిన్ను అడగలేదా?"

"అడిగితే ఇచ్చేదాన్నే. అదే కదా నా బాధ!"

పక్కనున్న రమోనా పిన్ని నవ్వింది. "శనివారం కచేరీ ఉందంటే ఈవిడ మొగుడికి పండగే. మీ తాత ఆ పాట పాడినంతసేపూ ఈవిడకి గొంతుండదుగా, పాపం, ఆయనకి తిట్లు తప్పేవి."

ఎనెయిదా అవ్వ కూడా నవ్వింది. తర్వాత ఆకు మీంచి చూపు తిప్పకుండా అంది. "నా కూతురి పెళ్ళప్పుడు కూడా మీ తాత ఎక్కడో పాడుతున్నాడు. అది నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. దీవించడానికి నోరు తెరిచాను. మాట రాలేదు."

కార్ఖానాలో అందరికీ తెలుసు. ఆ పాట తిండి తిని పెరిగిన నాకే తెలీదు.

ఇంటికెళ్ళి తాతకి ఎనెయిదా పేరు చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది.

"బతికే ఉందా?"

"నీ పాటలో దగ్గు ఎవరిదనుకున్నావ్ తాతా?"

ఆయన కంచం పక్కకి నెట్టేశాడు. "నువ్వు మాటిచ్చేశావుగా, వస్తాను" అన్నాడు, అంతే.

శుక్రవారం తెల్లచొక్కా వేసుకుని, నేను కూర్చుని చదివే అరుగెక్కాడు. ముందు వరసలో ఒరెస్తెస్ మావ "ఏం ఫెర్మీన్, కట్టలు మొయ్యడానికొచ్చావా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తాత గిటారు సవరించుకుని మొదలుపెట్టాడు. 'తడి మీదుండగానే...'

సరిగ్గా అప్పుడే వెనక వరసలో ఎనెయిదా అవ్వ రమోనాతో "ఆ బుట్ట కొంచెం..." అంటోంది. సగంలో మాట తెగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. ఆవిడ కోప్పడలేదు, తలెత్తైనా చూడలేదు. అలవాటైపోయినదానిలా నోరు మూసుకుని మరో ఆకు అందుకుంది.

తాత అది చూశాడు. ఇన్నేళ్ళలో కళ్ళారా చూడటం అదే మొదలు. పాట అక్కడే ఆపేశాడు.

"...ఇటు జరుపు" అంది ఎనెయిదా అవ్వ గొంతు, మిగతా మాట పూర్తిచేస్తూ.

తాత గిటారు నా కాళ్ళ దగ్గర పెట్టి అరుగు దిగాడు. వరసలన్నీ దాటుకుని వెళ్ళి ఆ బుట్ట ఎత్తి ఆవిడ ముందుకి జరిపాడు. ఆవిడ ఎగాదిగా చూసింది.

"లావయ్యావ్" అంది.

ఒక్క కత్తి కూడా మోగలేదు, ఒక్కటీ కింద పడలేదు. సాయంత్రం ఓట్లలో మాత్రం నేను గెలిచాను. నా చదువుకి పడ్డాయో, ఆయన తలొంపులకి పడ్డాయో అడిగే ధైర్యం నాకు లేదు.

తాత ఇంక ఆ పాట పాడడట. ఇవాళ పొద్దున నా చేతికి ఒక కాగితం ఇచ్చాడు. 'తడి ఆకు నాది కాదు, ఎనెయిదాది' అని మొదలవుతుంది. "సోమవారం పేపరుతో పాటు అరుగు మీద చదువు. చదవకపోతే నేను దొంగగానే పోతాను" అన్నాడు.

కాగితం పట్టుకుని ఎనెయిదా అవ్వ ఇంటికి పరిగెత్తాను. దగ్గు తగ్గింది. గొంతు గలగలలాడుతోంది.

"చదవొద్దు" అంది. "నా పిల్లలకి తెలీదే, కార్ఖానా మాట ఇంటిదాకా రానివ్వలేదు. వాళ్ళ అమ్మ ఇన్నేళ్ళు ఎందుకు నోరు మూసుకుందని అడుగుతారు. ఏం చెప్పమంటావ్? భయపడ్డానని చెప్పనా? ఆయనకి పేరొచ్చింది, నాకు గొంతొచ్చింది, చాలు. నా సిగ్గు నాకు వదిలెయ్."

ఆవిడ వద్దన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఇల్లూ, పేరూ ఎక్కడివక్కడే ఉంటాయి కదా అనిపించింది. అన్నిటికంటే ఎక్కువ సిగ్గు నాకు దానికే.

చదివితే ఆవిడ మాట కాదని, ఆవిడ నోరు నేనూ మూయించినట్టే. చదవకపోతే మా ఇంట్లో మూడో తరం కూడా ఆ పాట తిన్నట్టే. సోమవారం ఏడున్నరకి నేను అరుగెక్కాలి. మీరైతే ఏం చేస్తారు? చదవనా, వద్దా?