పెద్దక్క గది బోర్డు

కోడళ్ల మీద అత్తగార్ల ఫిర్యాదులు అందరూ వింటూనే ఉంటారు. ఈ కోడలికి మాత్రం అత్తగారి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఆవిడ మౌనాన్ని బతకనివ్వరు. ఇంట్లో రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకపోతే చాలు, ఎక్కడో గ్యాస్ లీకవుతున్నంత కంగారు పడతారు. వెంటనే ఏదో ఒకటి అనేస్తారు. ఏమీ తోచకపోతే గోడ మీది గడియారంలో టైమెంతయిందో పైకి చదువుతారు.

కోడలి ఉద్యోగమేమో ఆ మౌనం మీదే నడుస్తుంది. ఆమె ఒక రెసిడెన్షియల్ స్కూల్లో భారీ విరాళాల విభాగానికి అధిపతి. విభాగమంటే ఆమె, ఒక బీరువా, బుద్ధి పుట్టినప్పుడు పనిచేసే ప్రింటరు. పెద్ద మొత్తం ఇవ్వగలిగినవాళ్లతో ఏడాదో రెండేళ్లో పరిచయం పెంచుకోవాలి. వాళ్ల మోకాలి ఆపరేషన్లూ మనవల పుట్టినరోజులూ గుర్తుపెట్టుకోవాలి. ఒక రోజు ఎదురుగా కూర్చుని ఎంత కావాలో చెప్పాలి. చెప్పాక నోరు మూసుకోవాలి. అవతలివాళ్లు పెదవి విప్పేదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదు. ముందు మాట్లాడినవాళ్లు దిగొచ్చినట్టే.

ఒకసారి ఇంటి నుంచే, చేతులకి పిండి అంటుకుని ఉండడంతో ఫోను స్పీకర్‌లో పెట్టి, ఒక పెద్దమనిషిని అడిగింది. అడిగి ఊపిరి బిగబట్టింది. తొమ్మిదో సెకనులో అత్తగారు కళ్లజోడు వెతుక్కుంటూ అటుగా వచ్చి, "తక్కువైనా పర్లేదు బాబూ, మొహమాటపడకు" అన్నారు. ఆయన మొహమాటపడలేదు. సగానికి సగం కోసేశాడు.

పైగా ఇరుగుపొరుగుతో ఆవిడ చెప్పే మాట: "మా కోడలు బడి కోసం అడుక్కొస్తుంది. జీతం బానే ఉంటుందిలే." పదకొండేళ్లుగా ఇదే పరిచయం.

ఇప్పుడు వచ్చిన చిక్కు స్కూలు సిక్ రూమ్ గురించి. ఆరు మంచాలు, కారే పైకప్పు. తలుపు మీద 'పెద్దక్క గది' అని ఒక చెక్క బోర్డు. పెద్దక్క అక్కడ ముప్పై నాలుగేళ్లు ఆయాగా చేసింది. దుప్పట్లు మార్చింది, వాంతులు ఎత్తింది, అమ్మ కావాలని ఏడ్చే పిల్లల పక్కన కుర్చీలో కూర్చునే నిద్రపోయింది. ఆవిడ పని మానిన రోజున, గవదబిళ్లలతో అక్కడ పడుకున్న ఐదుగురు పిల్లలు ఆ చెక్క మీద పేరు రాసి తలుపుకి కొట్టారు. అప్పటినుంచీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ గదిలో ఎవరు పడుకుంటే వాళ్లు, సెలవులకి ముందు ఆ అక్షరాల మీద మళ్లీ రంగు వేస్తారు. ఆటలూ పిక్నిక్కులూ పోగొట్టుకున్న పిల్లలకి దక్కే బహుమతి అదొక్కటే. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కోలా తిరగడం వల్ల ‘క్క’ ఏటేటా లావెక్కుతోంది.

కొత్త సిక్ రూమ్ కట్టిస్తానని టైల్స్ ఫ్యాక్టరీ యజమాని ఒప్పుకున్నాడు. ఆయన కూతురు ఆ స్కూలు హాస్టల్లోనే ఎనిమిదో తరగతి. కోడలు రెండేళ్లు తిరిగి ఒప్పించిన మనిషి. ఇరవై మంచాలు, నర్సుకి గది, కారని పైకప్పు. అంతా అయ్యాక చివర్లో ఒక షరతు పెట్టాడు: భవనం మీద వాళ్ల నాన్నగారి పేరొక్కటే ఉండాలి. ఆ చెక్క ఎక్కడా కనపడకూడదు.

"చెక్కే కదా మేడమ్," అన్నాడు ప్రిన్సిపాల్. "మ్యూజియంలో పెడదాం."

"మనకి మ్యూజియం లేదు సార్."

"దానికీ ఒక దాతని మీరే తెస్తారు. చూడండి, సోమవారానికి సంతకం రాకపోతే మీ కుర్చీ గురించి కమిటీ ఆలోచించాల్సి వస్తుంది."

పైకప్పు కారుతోందని ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏ మంచం మీద ఎన్ని చుక్కలు పడతాయో రాసిచ్చిందే ఆమె. అయినా ఆ రోజు ఒప్పందం కాగితం మీద ఆ షరతున్న లైను కొట్టేసి, పక్కన తన సంతకం పెట్టింది.

శనివారం టైల్సాయన ఇంటికి వెళ్లింది. అదే పొద్దున అత్తగారికి కంటి పరీక్ష. కళ్లలో చుక్కలు వేసి పంపారు, ఒంటరిగా వదలడానికి లేదు.

"అత్తయ్యా, అక్కడ మీరేం మాట్లాడకూడదు," అంది కారులో.

"నేనెప్పుడు మాట్లాడానమ్మా?" అన్నారావిడ.

నల్ల కళ్లజోడుతో లోపలికొచ్చిన అత్తగారు, టైల్సాయనకి కాస్త ఎడమగా ఉన్న పూలకుండీకి నమస్కారం పెట్టి సోఫాలో కూర్చున్నారు.

ఆయన కాగితం చదివాడు. "అసలు లైనే కొట్టేశారే?"

"అదొక్కటీ కుదరదండి. గోడ మీద మీ నాన్నగారి పేరు ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా వేయిస్తాం. లోపలి తలుపు మీద మాత్రం ఆ బోర్డే ఉంటుంది."

"అంత డబ్బు పోసి, నా భవనంలో ఆయా పేరా?"

"భవనం స్కూలుదండి. కట్టించేది మీరు."

"అడగడానికి వచ్చినవాళ్లు ఇలా మాట్లాడరమ్మా."

"అడగడానికే వచ్చానండి. మీరేమంటే దానికి తలూపడానికి రాలేదు."

"నేను ఇవ్వనంటే?"

"ఇంకొకరిని అడుగుతాను. సోమవారం నుంచి నాకు కుర్చీ లేకపోతే, నిలబడి అడుగుతాను."

ఆయన కాగితాన్ని బల్ల మీద పడేశాడు. "ఏముందండీ ఆ చెక్కలో?"

ఆమె రంగు సంగతి చెప్పింది.

"ఈ ఏడాది ఎవరి వంతు?"

"ఆఖరి రోజుదాకా ఎవరికీ చెప్పమండి."

"మా అమ్మాయికి ఉబ్బసం," అన్నాడాయన నెమ్మదిగా. "ఆ గదిలో ఉంటుందని తెలుసు. ఎన్ని రోజులుందంటారు?"

"ఎన్ని రోజులుందో ప్రతి నెలా మీకు ఉత్తరం రాస్తూనే ఉన్నామండి."

అని, ఆమె నోరు మూసుకుంది.

ఆయనా మాట్లాడలేదు. ఎక్కడో ఫ్రిజ్ గురగురమని ఆగింది. ఆయన కాలి చెప్పు ఊగుతోంది. కోడలికి భయమల్లా పక్కనున్న సోఫా గురించే. అత్తగారి పెదవులు విడివడ్డాయి. అయిపోయింది, ఇప్పుడు టైమెంతయిందో అడుగుతారు అనుకుంది. అత్తగారు చీర చెంగు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ముందు మాట్లాడింది టైల్సాయనే.

"కాగితం అక్కడ ఉంచి వెళ్లండి."

ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. ఆదివారమంతా కోడలు బీరువాలు సర్దింది. ఇంట్లో ఏ బీరువా చూసినా స్కూల్లో ఖాళీ చెయ్యాల్సి వచ్చే బీరువాలాగే కనపడింది.

సోమవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ డ్రైవరు కవరు తెచ్చాడు. సంతకముంది. కొట్టేసిన లైను పక్కన, ఆమె సంతకం కింద, ఆయన పొట్టి సంతకం కూడా ఉంది. వెనకవైపు పెన్సిల్‌తో రాసి ఉంది: 'ఉత్తరాలన్నీ వెతికి చదివాను. ఇరవై తొమ్మిది రోజులు. నేను ఒక్కసారీ రాలేదు.'

"మనం గట్టిగా నిలబడ్డాం కాబట్టే సాధ్యమైంది మేడమ్," అన్నాడు ప్రిన్సిపాల్. ఆ ‘మనం’లో తన వాటా ఎంతో ఆమె అడగలేదు. వెళ్లి తన కుర్చీలో, చక్రం ఊడిన వైపు ఒరగకుండా కూర్చుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతున్నారు. "అదేనే, మా కోడలు బడి కోసం అడుక్కొ..." గుమ్మంలో కోడల్ని చూసి ఆగారు.

కోడలు కవరు ఎత్తి చూపించింది. ఏమీ అనలేదు. చెప్పులు కూడా విప్పకుండా అక్కడే నిలబడింది.

"వచ్చిందా? సంతకం పెట్టాడా?"

కోడలు తలూపింది.

"సరే, మంచిదేగా. అలా నిలబడ్డావేం? ఏదో ఒకటి అనవే."

కోడలు అనలేదు. ఫోన్లో చెల్లెలు హలో హలో అంటోంది. అత్తగారు గడియారం వైపు చూశారు, కోడలి వైపు చూశారు, చెంగు వెతుక్కున్నారు. ఈసారి చెంగు సరిపోలేదు. తొమ్మిదో సెకను దాటలేదు.

"సర్లేవే, నాదే తప్పు," అన్నారు, చెల్లెలికి కూడా వినపడేలా. "అది అడుక్కోవడం కాదు. పదకొండేళ్లుగా ఊరంతా తప్పు చెప్పాను."