గీత జరిపాం

వంతెన మూడో స్తంభం మీద ఎర్ర గీత గీసింది నేనే. నీళ్లు దాన్ని తాకితే కాపలాదారు సైరన్ మోగించాలి, ఏటి ఒడ్డు వీధులు ఖాళీ చెయ్యాలి. అదీ పద్ధతి.

ఒకప్పుడు ఏడాదికి ఒక్కసారి మోగితే గొప్ప. పోయిన ఏడాది ఏడుసార్లు మోగింది. ప్రతిసారీ జనం మూటాముల్లె సర్దుకుని మిట్టమీది బడికి ఎక్కడం, నీళ్లు గుమ్మాల దాకా వచ్చి వెనక్కి పోవడం, అందర్నీ తిట్టుకుంటూ దిగడం. విసిగిపోయి సభ పెట్టారు.

"ఎండలు ముదిరాయి. నెల రోజుల వాన ఒక్కరోజులో కుమ్మరిస్తోంది. గట్టు ఎత్తు పెంచాలి" అంది ఇంజనీరమ్మ.

"మా తాతలనాడు వరదలు లేవా తల్లీ?" అన్నాడు రొట్టెల దుకాణం మావయ్య. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

గట్టు పెంచాలంటే ఏళ్లు పడుతుంది. గీత పైకి జరపడానికి డబ్బాడు రంగు చాలు. చేతులెత్తమంటే అందరికంటే ముందు మా అక్క ఎత్తింది. మంచాన పడ్డ అత్తగారిని ఏడుసార్లు మోసి తన నడుం పడిపోయింది మరి.

మర్నాడే నిచ్చెన వేసుకుని గీతను నాలుగడుగులు పైకి జరిపాను. వంకర లేకుండా వచ్చిందని మురిసిపోయాను కూడా, సిగ్గులేనివాణ్ణి.

ఇవాళ తెల్లారినప్పటి నుంచి ఒకటే వాన. మధ్యాహ్నానికి పాత గీత చోటు మునిగిపోయింది. కొత్త గీతకు ఇంకా రెండడుగులుంది. కాపలాదారు కుర్చీలోంచి కదలడు.

"మోగించవయ్యా!"

"గీత తాకందే మోగిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. గీసింది నువ్వే కదా, నన్నంటావేం?"

ఏటిలో ఎవరిదో తలుపు కొట్టుకుపోతోంది. అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, మీ అత్తగారిని తీసుకుని వెంటనే వచ్చెయ్."

"సైరన్ మోగలేదుగా?"

"మోగదక్కా. నీళ్లు..."

"గుమ్మం దాకా ఎన్నిసార్లు రాలేదు, పోలేదు! నువ్వు గీసిన గీతరా అది. నీ చెయ్యి ఎప్పుడైనా తప్పిందా? ఆవిడకి ఇప్పుడే కునుకు పట్టింది, లేపించకు."

పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

వంతెన దిగి పరిగెత్తాను. వాళ్ల వీధి మలుపు తిరిగేసరికి నీళ్లు నా నడుం దాటాయి. అక్కా అని అరిచాను. ఏ కిటికీ తెరుచుకోలేదు. వెనక్కి తిరిగి చూశాను. స్తంభం మీద గీత పొడిగా, తిన్నగా ఉంది, నీటికి ఇంకా అడుగు పైన.