షేర్ సాబ్ చేతిలో ఆరు గ్లాసులు

మా ఆయన షఫీయుద్దీన్‌ను నారాయణఖేడ్‌లో అందరూ షేర్ సాబ్ అంటారు. హైదరాబాద్‌లోని పాత షేర్ బజారు మూతపడి ఇన్నేళ్లయినా, ఆయన నోట్లో మాత్రం అది రోజూ పొద్దున పది గంటలకు తెరుచుకుంటుంది. బస్ డిపో ఎదురుగా కాశప్ప కందుల దుకాణం మెట్ల మీద కూర్చుని మొదలుపెడతాడు. గోడకు నల్లబల్ల, సుద్దముక్కతో రాసిన ధరలు, వందమంది గొంతు చించుకోవడం. అరచెయ్యి తన వైపు తిప్పితే కొన్నట్టు, బయటికి తిప్పితే అమ్మినట్టు. ఎన్ని వేళ్లు చూపిస్తే అన్ని వందల షేర్లు. ఒకసారి చెయ్యి ఎత్తాక సౌదా ఖాయం, ఇక ఆ బేరంలో మాట మార్చడానికి లేదు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, వ్యాపారమంతా బొంబాయికి పోయింది, హాలు నోరు మూసుకుంది. ఇక్కడికొచ్చేసరికి ఆయన రెండు చేతులూ ఒళ్లో దించేస్తాడు. వింటున్న కాశప్ప కందుల తూకం కూడా మరిచిపోతాడు.

ఇందులో అబద్ధం ఒక్కటే. మా ఆయన అక్కడ సౌదాలు చేయలేదు, చాయ్ ఇచ్చాడు.

నాకు పెళ్లయిన ఏడాదే తెలిసింది. షేర్ బజారులో పెద్ద నౌకరీ అని విని అబ్బాజాన్ మురిసిపోయి నన్నిచ్చాడు. ఒకరోజు ఈయన మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని నేనే అక్కడికి వెళ్లాను. తలుపు సందులోంచి చూద్దును కదా, పెద్ద నౌకరీ మొగుడు ఒక్క చేత్తో ఆరు గ్లాసులు పట్టుకుని జనం మధ్య తిరుగుతున్నాడు. ఒళ్లు మండిపోయింది. డబ్బా వెనక్కి తెచ్చి, ఆ ఖీమా అంతా నేనే తినేశాను.

సాయంత్రం రానీ, కడిగేస్తానని కాచుకుని కూర్చున్నాను. వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా ఆనాటి సౌదాలన్నీ చేతులు ఊపుతూ చెప్పాడు. ఆ ముఖంలో సంబరం చూస్తే నా నోరు లేవలేదు. అలాగని వదిలేశానని అనుకోకండి. ఆ మర్నాటి నుంచి ఇవాళ్టి దాకా మా ఇంట్లో చాయ్ పెట్టేది ఆయనే. అప్పుడప్పుడు, ఫలానా రోజు సిమెంటు షేరు ఎంతకు పోయిందని అడుగుతాను. ఆయన నుదుటి మీద చెమట చూస్తూ తృప్తిగా ఒక గుక్క తాగుతాను.

పోయిన శుక్రవారం హైదరాబాద్ నుంచి శైలశ్రీ అనే అమ్మాయి వచ్చింది. ఆ పాత షేర్ బజారు చరిత్ర రాస్తోందట. ఈయన పెళ్లికొడుకులా షేర్వాణీ తొడుక్కుని, సాక్ష్యానికి కాశప్పను కూడా వెంటబెట్టుకొచ్చాడు.

ఆ పిల్ల సంచిలోంచి పాత ఫొటో ఒకటి తీసింది. హాలు నిండా లేచిన చేతులు. ఒక మూలన గ్లాసులు పట్టుకున్న పడుచువాడు, ముఖం ఎవరిదో మోచేతి చాటున. తన పుస్తకం ఇతనితోనే మొదలవుతుందని చెప్పింది. ఒకరోజు ఇతను క్యాంటీన్ వైపు తిరిగి, మూడు చాయ్ ఇటు పంపమని అరచెయ్యి తన వైపు తిప్పి మూడు వేళ్లు చూపించాడట. ఆ చెయ్యి పక్కనున్న దళారి తాలూకు మనిషిదని, అతనే కొంటున్నాడని అనుకుని అవతలి గుమాస్తా మూడు వందల షేర్లు రాసేసుకున్నాడట. చెయ్యి లేచింది కాబట్టి ఆ దళారి నోరు మూసుకుని పుచ్చుకోవాల్సి వచ్చిందట. ఆ దళారి ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతాడట కానీ, చాయ్ మనిషి పేరు గుర్తులేదట.

"సౌదాలు చేసినవాళ్లు నాకు నలభై మంది దొరికారు సార్. ఇతనొక్కడే దొరకలేదు. మీకు తెలుసా?" అని అడిగింది.

పాపం మా ఆయన! అవునంటే పుస్తకంలో మొదటి పేజీ తనది. కానీ కాశప్ప ముందు, నా ముందు ఇన్నేళ్ల పరువు మట్టిలో కలుస్తుంది. కాదంటే నలభై ఒకటో వాడు. ఫొటో ఆ పిల్లకే తిరిగిచ్చాడు. నా వైపు దొంగచూపు చూసి, "ఎరుక లేదమ్మా" అన్నాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇంత పెద్ద సంగతి నాకు కూడా చెప్పకుండా కడుపులో దాచుకున్నాడు! మూడు వందల షేర్లు కొన్న మొగుణ్ని పట్టుకుని నేను ఉత్త చాయ్ మనిషి అనుకున్నాను.

ఆ పిల్ల కారు డ్రైవరు, కాశప్ప వెంట వచ్చిన హమాలీ కలిపి ఆరుగురం ఉన్నాం. అందరికీ చాయ్ తెమ్మన్నాను. బతికానురా అనుకుంటూ ఆయన వంటింట్లోకి పరిగెత్తాడు.

అలవాటు ఎక్కడికి పోతుంది? కాసేపటికి ఒక్క చేత్తో ఆరు గ్లాసులు వేళ్ల మధ్య బిగించి, చుక్క తొణక్కుండా వచ్చి నిలబడ్డాడు. శైలశ్రీ ఆ చెయ్యి చూసింది, ఫొటో చూసింది, మళ్లీ చెయ్యి చూసింది. కాశప్ప కుర్చీలోంచి లేచాడు.

"ఏంది షేర్ సాబ్, గీ ఫొటోల ఉన్నోడు నువ్వేనా?"

ఆయన గ్లాసులు దించలేదు. "నేనే" అన్నాడు, కాశప్పతో కాదు, నాతో. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను ఆశ్చర్యపోలేదని అప్పుడు గమనించాడు.

"నీకెప్పటిసంది ఎరుక, సయీదా?"

"నిఖా అయిన ఏడాదిసంది."

"మరి గిన్నేండ్లు ఎట్ల ఊకున్నవ్?"

"చెయ్యి ఎత్తినంక సౌదా తిరుగదని మీరే చెప్పిండ్రు గద."

ఆయన మొదటి గ్లాసు నాకే ఇవ్వబోయాడు. ఇన్నేళ్లలో మొదటిసారి చాయ్ తొణికి నా చీర మీద పడింది.