మేడమ్ మాట వినబడని రోజు

నేను ఒక హెడ్‌సెట్‌ని. రెండు చెవులూ ఒక నోరూ ఉన్నదాన్ని. ఇదే ఏర్పాటు మనుషులకూ ఉంది గానీ, ఏది ఎంతసేపు వాడాలో వాళ్లకింకా తేలినట్టు లేదు.

ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో ప్రయాణించి, మొదట హైదరాబాదులో ఒక కాల్ సెంటర్‌కు చేరాను. మూడేళ్లపాటు అక్కడ నాలోంచి వెళ్లింది ఒకటే మాట, సారీ. తప్పు ఎవరిదో నాకు ఒక్కనాడూ తెలియలేదు. ఆ ఆఫీసు మూతపడ్డాక పాత సామాన్ల షాపులో ఉన్న నన్ను కొని విజయనగరం తెచ్చుకున్నది హెప్సిబా టీచర్.

ఆవిడ ఒక సంస్థ తరఫున ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతుంది. సాయంత్రం ఆరింటి బ్యాచిలో పద్దెనిమిది మంది, అందరూ పనులు చేసుకునేవాళ్లే. కెమెరా ఆపేసి, మైకు ఆపేసి, తెరమీద పేరు మాత్రం ఉంచేవారు. ఆ నల్లటి గళ్ల వెనక ఎవరు వింటున్నారో, ఎవరు కూర తరుగుతున్నారో దేవుడికే ఎరుక.

టీచర్ చెయ్యని ప్రయత్నం లేదు. పాటలు పాడింది, బొమ్మలు చూపింది, పోటీలు పెట్టింది. ఒకరోజు పులి ముసుగు తగిలించుకుని "హూ యామ్ ఐ?" అని గాండ్రించింది. ఎవరో "ఓకే మేడమ్" అని టైపు చేశారు.

సంస్థ మేనేజర్ దివాకర్ ఫోన్ చేశాడు. "సగం మంది మధ్యలోనే వెళ్లిపోతున్నారు మేడమ్. మీరింకా హుషారుగా మాట్లాడాలండి. నెలాఖరుకీ ఇలాగే ఉంటే బ్యాచి ఎత్తేస్తాం."

టీచర్‌కు ఉన్నది ఆ ఒక్క బ్యాచే. ఇంకా మాట్లాడింది. ఊపిరి తీసుకోవడానికి తప్ప ఆగేది కాదు. ఆవిడ కష్టంలో సగం నాదేనని నాకు గర్వంగా ఉండేది.

ఒక మంగళవారం, క్లాసు మధ్యలో నా తీగ లోపల తెగింది. చెవులు బాగానే ఉన్నాయి, నోరు పడిపోయింది. ఆవిడకు ఆ సంగతి తెలియదు. ఈరోజు మీరేం చేశారని ఇంగ్లీషులో అడిగి, జవాబు కూడా తనే చెప్పుకుపోతోంది. ఐదు నిమిషాలకు ఒక గడిలో మైకు తెరుచుకుంది.

"మేడమ్... యువర్ వాయిస్... నాట్ కమింగ్."

పైడితల్లి. బొబ్బిలి లాడ్జిలో గదులు శుభ్రం చేసే మనిషి. ఎప్పటికైనా అక్కడి రిసెప్షన్ కుర్చీలో కూర్చోవాలని ఆమె ఆశ. నాలుగు నెలల్లో నేను ఆ గొంతు వినడం అదే మొదటిసారి.

"నాకూ ఇనబడట్నేదమ్మా," అంది చిన్నమ్మడు అనే దర్జీ.

"ఏటి, తెలుగులో సెప్తన్నావు? మేడమ్ ఇంటన్నారేమో. ఇంగ్లీషులో సెప్పు!" అని పైడితల్లి గదమాయించింది.

"మై సైడ్ ఆల్సో నాట్ కమింగ్!"

టీచర్ కంగారుగా రాసి చూపడానికి కాగితం అందుకుంది. ఏమనుకుందో, మళ్లీ కింద పెట్టేసింది. తెరమీద ఒక్కొక్క ముఖమే బయటపడుతోంది.

"మేడమ్ నో టాకింగ్. వుయ్ టాక్," అంది పైడితల్లి. "ఐ క్లీన్ టెన్ రూమ్స్ టుడే. యూ?"

"ఐ స్టిచ్ సిక్స్ బ్లౌజ్. వన్ బ్లౌజ్ రాంగ్. కస్టమర్ వెరీ షౌటింగ్!"

అందరూ పకపకా నవ్వారు. తప్పులు దిద్దాలని టీచర్ పెదవులు అదురుతున్నాయి. చేత్తో నోరు గట్టిగా మూసుకుంది. ఆరోజు గంట క్లాసు గంటన్నర నడిచింది.

మర్నాడు నన్ను బాగు చేయించింది. మళ్లీ మా పాత రోజులు వచ్చాయనుకున్నాను. టీచర్ ఒక ప్రశ్న అడిగి, నా తీగమీది మీట నొక్కి నా నోరు మూసేసింది. తప్పులన్నీ కాగితంమీద రాసుకుని, చివరి పది నిమిషాల్లో చెప్పింది. ఇక రోజూ అదే పద్ధతి. నాకు చిన్నతనంగా ఉండేది. బాగున్నన్నాళ్లూ చెయ్యలేని మేలు, పాడై చేశాను మరి.

నెలాఖరుకు ఒక్కరూ తగ్గలేదు. రిసెప్షనిస్టు సెలవు పెట్టిన రోజున పైడితల్లి ఆ కుర్చీలో కూర్చుని, తెలుగు రాని ఇద్దరు అతిథులకు గది ఇచ్చింది. ఆ ముచ్చట ఇంగ్లీషులో ఇరవై నిమిషాలు చెప్పింది.

దివాకర్ మళ్లీ ఫోన్ చేశాడు. "ఏం మాట్లాడుతున్నారండీ మేడమ్, ఒక్కరూ కదలడం లేదు! మీ గొంతు ఇంకా బాగా వినబడాలని సంస్థ తరఫున పెద్ద మైకు పంపిస్తున్నాం."

మైకు వచ్చింది, నేను సొరుగులోకి చేరాను. ఆ సొరుగు పూర్తిగా మూసుకోదు, అన్నీ వినబడతాయి. టీచర్ ఒక ప్రశ్న అడుగుతుంది, వెంటనే టక్కుమని ఆ కొత్త మైకు మీట నొక్కుతుంది. ఆపైన క్లాసంతా, బహుమతిగా వచ్చిన ఆ పెద్ద మైకుకు దాదాపు పనే ఉండదు.