చాయ్‌పత్తి డబ్బా

విదేశీ పిల్లలు వస్తున్నారంటే చాలు, ఆండాలు మిషను ఆపి చాయ్ పెట్టాలి. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక సందులో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే ఆ సంచుల కేంద్రంలో ఎనిమిది మంది ఆడవాళ్లు కుడతారు. చాయ్ మాత్రం ఆండాలే పెట్టాలి. "మీ చేతి టీ భలే ఉంటుందండీ" అని మేనేజరు బిందుమాధవి మేడం మూడేళ్ల కింద ఒక్క మాట అన్నది, అంతే, అది మెడకు చుట్టుకుంది. అందరికీ కప్పులు అందించి, గోడకు ఆనుకుని నిలబడి, తన బతుకు ఎంత బాగుపడిందో మేడం ఇంగ్లీషులో చెబుతుంటే తలూపాలి. తను పెట్టిన చాయ్ తను కూర్చుని తాగింది లేదు. ఇంట్లోనూ అంతే. ఒక్కనాడు, ఒకే ఒక్కనాడు, కూర్చున్న చోటికి చాయ్ వస్తే చాలని ఉంటుంది ఆమెకు.

ఈసారి మేడంకు కొత్త ఆలోచన పుట్టింది. "జర్మనీ నుంచి కాలేజీ పిల్లలు వస్తున్నారండీ. భార్యకు వెన్నుదన్నుగా నిలిచిన భర్తను కూడా చూపిద్దాం. మీవారిని తీసుకురండి."

వెన్నుదన్నట! ఆండాలుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొగుడు రామ్‌చందర్ పాల వ్యాపారి. చీకటితోనే బర్రెల కొట్టానికి పోతాడు, కష్టపడే మనిషే, కాదనదు. కానీ ఇంటికొచ్చి పాల క్యాను గడపలో దించాడంటే ఇక చెయ్యి కదలదు. "సంచులు కుట్టుడు గూడ ఒక పనేనా? కూసోని చేసేదే గద" అంటాడు. తాగిన గ్లాసు మంచం కిందికి నెట్టి, ఆమె వంగి తీసేదాకా అక్కడే ఉంచుతాడు. ఓసారి ఒళ్లు కాలిపోయే జ్వరంలో చాయ్ అడిగితే, "పక్కింటి సావిత్రక్కను పిలువాల్నా?" అన్నాడు మహానుభావుడు. గల్లీ గల్లీకి పాలు పోసే మనిషికి గిన్నెలో పాలు కాగబెట్టడం రాదు!

అటువంటివాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నున్నగా దువ్వుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆండాలు ఎప్పట్లాగే గోడ దగ్గర. ఇంట్లో భార్యకు ఏం సాయం చేస్తారని ఒక అమ్మాయి అడిగితే మేడం తెలుగులో చెప్పింది.

రామ్‌చందర్ గొంతు సవరించుకున్నాడు. "రోజు పొద్దుగాల చాయ్ నేనే పెడ్త మేడం. ఆమెను లేపి చేతికిస్త. ఆమె గురించి మస్తు ఫికర్ చేస్త."

పిల్లలు చప్పట్లు కొట్టారు. "నిజమే కదండీ ఆండాలు?" అంది మేడం, తలూపుతుందన్న ధీమాతో. మూడేళ్లు ఊపిన తల మరి. ఛీ, అబద్ధం ఆయనది, ఊపవలసిన తల నాదా, అనుకుంది ఆండాలు. మెడ కదలలేదు.

"నేను చెప్పుడెందుకు మేడం? మా ఇల్లు గీ గల్లీ చివరనే ఉన్నది. పిల్లలను తోల్కరాండ్రి. ఆయన చేతి చాయ్ తాగిపోతరు."

మేడం సంబరపడిపోయి ఆ మాట ఇంగ్లీషులో చెప్పేసింది. "గిప్పుడెందుకే గీ లొల్లి?" అని రామ్‌చందర్ గొణిగేసరికి పిల్లలు చెప్పులు తొడుక్కుంటున్నారు.

ఆండాలు వంటింటి అలమర నిండా పాత డబ్బాలు. బిస్కెట్ల డబ్బాలో చింతపండు, పాలపొడి డబ్బాలో కారం. పైన ఉన్న బొమ్మకూ లోపలి సరుకుకూ సంబంధం లేదు. నింపేది ఆండాలే కాబట్టి ఆమె చేతికి తెలుసు. రామ్‌చందర్ చాయ్ ఆకుల బొమ్మ ఉన్న డబ్బా తీసి, కాగుతున్న నీళ్లలోకి ధీమాగా ఒంపాడు. జలజలమని ఆవాలు పడ్డాయి. గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి రాసుకోవడం ఆపి మేడం వైపు చూసింది. మేడం నోట ఇంగ్లీషు రాలేదు.

"ఆండాలూ" అన్నాడు మెల్లగా, "చాయ్‌పత్తి ఏ డబ్బల పెట్టినవే?"

ముందు గదిలో, పిల్లల నడుమ, ఆండాలు ఇంట్లో ఆయన రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుని ఉంది. పిలుపు వినగానే లేవబోయింది, పదిహేడేళ్ల అలవాటు కదా. రెండు చేతులతో మోకాళ్లు అదిమిపెట్టుకుంది.

"రోజు పొద్దుగాల యాడికెల్లి తీస్తున్నవో గాడనే ఉన్నది" అంది. "నాకు గూడ ఒక కప్పు పట్టుకరా."